చేత్తో తయారుచేసే బిల్డరు దగ్గర 5.1 ఆంప్లిఫయర్ కొనొచ్చా? ఏం అడగాలి?

రాయగడ_రైలుకట్ట
జూన్ 8, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. అమ్మకి డెబ్భై దాటాయి, చెవులు కాస్త మందగించాయి. టీవీలో సినిమా పెడితే పాట వినబడుతుంది గానీ మాట అందదు. సౌండు పెంచితే ఫైటింగులప్పుడు కిటికీలు అదురుతున్నాయి, తగ్గిస్తే "ఏటన్నాడ్రా?" అని ప్రతి డైలాగుకీ అడుగుతుంది. మాటలు వచ్చే సెంటర్ స్పీకరుని విడిగా పెంచుకునే వీలు ఉండాలని 5.1 (అయిదు స్పీకర్లు, బాస్ కోసం ఒక సబ్‌వూఫరు) పెడదామనుకున్నాను.

మా బావ విశాఖలో ఇల్లు మారుతూ అయిదు 8 ఓమ్‌ల స్పీకర్లు, సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫరు ఇచ్చేశాడు. వాటిని నడిపే సెట్టు లేదు. కంపెనీ ఏవీ రిసీవరు (డీకోడరూ ఆంప్లిఫయరూ ఒకే పెట్టెలో ఉండేది) కొత్తది నా చేతికి అందేలా లేదు. ఒకాయన ఆర్డరు మీద తయారుచేస్తాడంటే ఫోన్ చేశాను. ఆయన చెప్పింది ఇది: "5.1, 1000 వాట్లు, టీడీఏ7294 ఐసీలు, 24-0-24 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, బ్లూటూత్, రిమోటు, మొత్తం 14,500. డబ్బంతా ముందే వెయ్యాలి." వెయ్యొచ్చంటారా?

బరంపురం_మగ్గం
జూన్ 8, రాత్రి 10:31

వెయ్యకండి. ఆయన చెప్పిన అంకెలు ఒకదానితో ఒకటి కుదరట్లేదు.

24-0-24 అంటే ఈ కొస నుంచి ఆ కొసకి 48 వోల్టులు. 5 ఆంపియర్లతో హెచ్చిస్తే 240 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదే 240 అయితే స్పీకర్లకి 1000 ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు బిందెల నీళ్లున్న తొట్టిలోంచి పదహారు బిందెలు ముంచలేం కదా. పైగా క్లాస్ ఏబీ సెట్టు (టీడీఏ7294 ఆంప్లిఫయర్ ఐసీ ఈ రకమే) గట్టిగా పాడేటప్పుడు కూడా తీసుకున్న దాంట్లో సుమారు 60 శాతమే స్పీకరుకి ఇస్తుంది. మిగతాదంతా హీట్‌సింకు వేడికే పోతుంది. అంటే అయిదు ఛానెళ్లూ కలిపి నిలకడగా వచ్చేది 140 వాట్ల చిల్లర. 1000 అనేది పీఎంపీఓ లెక్క, అంటే ఒక్క క్షణం ఎగిసే గరిష్ఠం అని అమ్మేవాళ్లు చెప్పుకునే అంకె. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి అంటూ లేదు. మీరు అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇచ్చేవి): ఎన్ని ఓమ్‌ల మీద, ఎన్ని ఛానెళ్లు ఒకేసారి నడుస్తుండగా అని.

అయితే 140 అని విని దిగులు పడొద్దు. మామూలు స్పీకరు సెన్సిటివిటీ 87 డీబీ (డెసిబెల్) అనుకుంటే ఒకే ఒక్క వాటుకి మీటరు దూరంలో 87 డీబీ వస్తుంది. పక్కన మాట్లాడేవాడి గొంతు వినబడనంత సౌండు అది. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డీబీయే. ఛానెల్‌కి నిజమైన 40 వాట్లుంటే మీ హాలుకి సరిపోయి మిగులుతుంది.

జయపురం_లైన్‌మేన్
జూన్ 9, ఉదయం 6:15

మగ్గంగారు వాట్లు చెప్పారు, నేను వోల్టులు చెప్తాను. నా ఉద్యోగమే కరెంటు పని.

మన వైపు సాయంత్రం ఏడింటికి ఇంట్లో 190 చూపే మీటరు, రాత్రి పదకొండు దాటి మోటార్లూ మిల్లులూ ఆగాక 255 చూపించిన రోజులు నేను చూశాను. 230కి 24 ఇచ్చే వైండింగు 255 దగ్గర 26.6 ఇస్తుంది. డయోడ్లు దాటి కెపాసిటర్ల మీదకి వచ్చేసరికి దాన్ని 1.414తో హెచ్చించి ఒక వోల్టు తీసెయ్యండి, 36.6. లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మరో 8, 9 శాతం ఎక్కువే చూపుతుంది. అంటే అటూ ఇటూ 40కి వచ్చేసింది. టీడీఏ7294 పనిచేసే పరిధి ప్లస్ మైనస్ 40 దాకానే. అర్ధరాత్రి సినిమా మధ్యలో ఐసీ పోయిందంటే జనం ఐసీ నకిలీది అంటారు. ఒక్కోసారి నకిలీదే. చాలాసార్లు ఇదిగో, ఈ వోల్టేజి.

22-0-22 చుట్టించమనండి. పోయేది కొద్ది వాట్లు, వచ్చేది నిద్ర.

సిరొంచ_ఒడ్డు
జూన్ 9, ఉదయం 8:40

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత గట్టు మీద ఇల్లు. నేను ట్రాన్స్‌ఫార్మర్ జోలికే పోలేదు. క్లాస్ డీ (వేడి తక్కువ పుట్టే రకం) ఆంప్లిఫయర్ బోర్డులు మూడు, టీపీఏ3116 ఐసీవి, ఒక్కోదాంట్లో రెండు ఛానెళ్లు, 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (లాప్‌టాప్ ఛార్జరులాంటి పవర్ సప్లై) మీద నడుపుతున్నాను. గోడలో 180 ఉన్నా 250 ఉన్నా ఎస్ఎంపీఎస్ 24కి 24 ఇస్తుంది. లైన్‌మేన్ అన్న చెప్పిన బాధ అసలు లేదు. చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా ఉండదు.

ఒక్క హెచ్చరిక. ఈ ఐసీల్లో స్పీకరు మైనస్ వైరు గ్రౌండు కాదు, దానిలోనూ సిగ్నల్ ఉంటుంది. పాత ఇళ్లలో వైరు ఆదా కోసం స్పీకర్లన్నిటికీ మైనస్ ఒకటే లాగి ఉంటారు. మా ఇంట్లోనూ అలాగే ఉండేది. చూసుకోకుండా కలిపాను, మొదటి బోర్డు ఆ రోజే పోయింది.

బరంపురం_మగ్గం
జూన్ 9, ఉదయం 9:05

సిరొంచ తమ్ముడూ, బోర్డు మంచిదే. కాకపోతే 24 వోల్టుల మీద 8 ఓమ్‌ల స్పీకరుకి అది శుభ్రంగా ఇచ్చేది పాతిక, ముప్పై వాట్లు. రైలుకట్టగారికి అదీ చాలు, కాదనను. నా అనుమానం బోర్డు మీద కాదు, దానికి జత చేసే చవక ఎస్ఎంపీఎస్ మీద. అది పోతే మనూళ్లలో బాగుచేసేవాడు దొరకడు, కొత్తది తెప్పించాల్సిందే. ట్రాన్స్‌ఫార్మరూ నాలుగు డయోడ్లూ అయితే ప్రతి టీవీ మెకానిక్‌కీ తెలిసిన సంగతే.

గుణుపురం_మాస్టారు
జూన్ 9, మధ్యాహ్నం 1:20

నాయనా, డబ్బంతా ముందే అన్నారంటే అక్కడే ఆగు. నేను మూడేళ్ల కిందట దూరంగా ఉన్న ఒక బిల్డరుకి 16,000 మొత్తం వేశాను. పదిహేను రోజులన్నది మూడు నెలలైంది. చివరికి పార్శిలు వచ్చింది. విప్పకముందే లోపల గలగలమని చప్పుడు. అంత బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌ని రెండు చిన్న స్క్రూలతో పల్చటి రేకుకి బిగించాడు. దారిలో అది ఊడి, మెయిన్ బోర్డు మీద దొర్లి, బోర్డుని అడ్డంగా చీల్చేసింది. ఫొటోలు పంపాను. రెండు రోజులు "చూస్తాను సార్" అన్నాడు, తర్వాత ఫోనే ఎత్తలేదు. నా దగ్గర బిల్లు లేదు, ఒప్పుకున్న వివరాలతో చిన్న చీటీ కూడా లేదు. ఎవరి దగ్గరికని వెళ్లను?

విశ్రాంత ఉద్యోగి డబ్బు అది. ఇప్పటికీ ఆ పెట్టె అటక మీదే ఉంది.

పర్లాకిమిడి_టంకం
జూన్ 9, రాత్రి 11:48

మాస్టారికి నమస్కారం. నేనూ సెట్లు తయారుచేసేవాణ్ణే, ఇరవై ఏళ్లుగా ఇదే నా బతుకు. మీకు జరిగింది చదివి మనసు పాడైంది. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కింద రబ్బరు వాషరు, పైన లాక్ నట్టు వేసి, సెట్టు తలకిందులు చేసి ఊపి చూడాలి. అదేం గొప్ప పనితనం కాదు, కనీస బాధ్యత.

మా వైపు సంగతి కూడా చెప్తాను. నేను మొదట్లో "ఛానెల్‌కి 40 వాట్లు" అని నిజమే రాసేవాణ్ణి. వచ్చినవాళ్లు చూసి, పక్క కొట్లో 2000 అని రాసుంది, నీది 40 ఏమిటని వెళ్లిపోయేవారు. ఇంట్లో పిల్లల ఫీజులు కట్టాలి. రెండేళ్లు నేనూ 1000 అని స్టిక్కరు వేశాను. తర్వాత తీసేశాను. ఇప్పుడు లోడు పెట్టి, మీటరు చూపించి అమ్ముతాను. తక్కువమంది వస్తారు, కానీ వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెళ్లరు.

అడ్వాన్సు మాత్రం మాకు తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాడికి, క్యాబినెట్ రేకుకి, ఐసీలకి అన్నిటికీ ముందే కట్టాలి. నలభై శాతం అడిగితే న్యాయం. మొత్తం అడిగితే న్యాయం కాదు.

రైలుకట్టగారూ, ఎవరి దగ్గర చేయించినా ఇవి దగ్గరుండి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు వైరు టెర్మినల్ దగ్గరకి వచ్చే చోట బ్లేడుతో కొస గీకండి. పైన ఎనామెల్ ఎర్రగానే ఉంటుంది, రంగు చూసి మోసపోవద్దు. పూత పోయాక ఎర్రగా మెరిస్తే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్ల పైనే. అదే మందం వైరుతో చుడితే వేడెక్కుతుంది, డ్రమ్ము దెబ్బ పడగానే వోల్టేజి కుంగుతుంది. రెండోది, టీడీఏ7294 వెనక రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. ఐసీకీ హీట్‌సింకుకీ మధ్య కరెంటు దాటనివ్వని మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ లేకపోతే హీట్‌సింకు మొత్తం మైనస్ 30 వోల్టుల మీద ఉంటుంది. మూడోది, స్పీకరు ప్రొటెక్షన్ రిలే. స్విచ్ వేసిన మూడు, నాలుగు సెకన్లకి "టక్" మనాలి. అది లేని సెట్టులో ఐసీ షార్టయితే డీసీ నేరుగా స్పీకరు కాయిల్‌లోకి పోయి కాల్చేస్తుంది.

వేదిక నిర్వహణ
జూన్ 10, ఉదయం 7:00

సమాచారం బాగుంది, కొనసాగించండి. అమ్మేవారి ఫోన్ నంబర్లు, ధరల జాబితాలు ఇక్కడ పెట్టొద్దు. కావాల్సినవారు వ్యక్తిగత సందేశం పంపుకోండి.

రాయగడ_రైలుకట్ట
జూన్ 10, సాయంత్రం 6:30

అందరికీ దండాలు. ఆ 14,500 కొటేషన్ వద్దని చెప్పేశాను. "22-0-22 వెయ్యగలరా?" అని ఒక్క ప్రశ్న అడిగాను. "అవన్నీ మీకెందుకు సార్, సౌండు అదిరిపోద్ది" అన్నారు. అదిరిపోవడమే వద్దనుకుంటున్నానని చెప్పినా అర్థం కాలేదు.

ఇంకో సందేహం. బ్లూటూత్, రిమోటు, 5.1 అన్నీ ఒకే బోర్డులో వస్తాయన్నారు. అందులో అమ్మకి కావలసిన సెంటర్ నిజంగా విడిగా వస్తుందా?

బరంపురం_మగ్గం
జూన్ 10, రాత్రి 8:12

అసలు ప్రశ్న ఇదే. మొదట్లోనే చెప్పాల్సింది.

ఆ బోర్డుల్లో చాలావాటిలో పీటీ2323 లాంటి ఐసీ ఉంటుంది. అది రెండు ఛానెళ్ల స్టీరియోని తీసుకుని ఆరుగా పంచుతుంది. సెంటర్ అంటే ఎడమ, కుడి కలిపిన ముద్ద. మాటతోపాటు వాయిద్యాలూ అందులోకే వస్తాయి. దాన్ని పెంచితే అన్నీ పెరుగుతాయి, అమ్మగారి ఇబ్బంది అలాగే ఉంటుంది. సినిమాలో డాల్బీ డిజిటల్‌గా రాసి ఉన్న సెంటర్ ట్రాకు వేరు. మాటలు ఎక్కువగా దాంట్లోనే ఉంటాయి. దాన్ని విప్పడానికి డీకోడర్ కావాలి. బ్లూటూత్‌లో వచ్చేది స్టీరియోయే. టీవీ నుంచి ఆప్టికల్ వైరు గానీ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ లాగాలి.

టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో పీసీఎం మీద ఉంటే ఆప్టికల్‌లో వచ్చేది రెండు ఛానెళ్లే. బిట్‌స్ట్రీమ్ లేదా డాల్బీ డిజిటల్ అని మార్చాలి. ఓటీటీ యాప్‌లు ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ పంపుతాయి, చవక డీకోడర్లకి అది అర్థం కాదు. టీవీయే దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి ఇవ్వాలి. కొనేముందు మీ టీవీతో పెట్టి చూడండి. యాప్‌లో సినిమా పేరు పక్కన 5.1 అని లేకపోతే ఏ డీకోడరూ ఏమీ చెయ్యలేదు, అది కూడా గుర్తుంచుకోండి.

నా గట్టి సలహా, డీకోడర్‌ని ఆంప్లిఫయర్ పెట్టెలో పెట్టించకండి. డీకోడింగ్ పద్ధతులు మారుతుంటాయి. పవర్ ఆంప్లిఫయర్ మారదు. వెనక ఆర్‌సీఏ ఇన్‌పుట్లు (మామూలు ఆడియో పిన్నులు) మాత్రమే ఉన్న అయిదు ఛానెళ్ల పెట్టె చేయించుకుంటే రేపు డీకోడర్ మార్చినా, పాత రిసీవరు ప్రీ అవుట్‌తో (బయటి ఆంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లతో) దొరికినా దీన్నే వాడుకోవచ్చు.

జయపురం_లైన్‌మేన్
జూన్ 10, రాత్రి 9:00

ఆప్టికలే లాగండి. డిష్ వైరు గ్రౌండుకీ సెట్టు ఎర్తుకీ మధ్య లూపు పడి "గుయ్" మని మోగడం మనిళ్లలో రోజూ చూసేదే. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుగు. రాగి లేదు కాబట్టి టీవీ వైపు నుంచి ఆ లూపే ఉండదు. ఆ మోత (హమ్) పోవాలని ప్లగ్గు మూడో పిన్ను విరిచెయ్యకండి. లోహపు క్యాబినెట్‌కి ఎర్తు తప్పనిసరి.

రాయగడ_రైలుకట్ట
జూలై 21, రాత్రి 10:05

నెలన్నర తర్వాత వస్తున్నాను. టంకంగారితో విడిగా మాట్లాడి ఆయనకే ఇచ్చాను. ఆయన చేత్తో రాసిన చీటీ ఇది: అయిదు ఛానెళ్లు, టీడీఏ7294, 22-0-22 రాగి వైండింగు 300 వీఏ, ఒక్కో వైపు 20,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు, రిలే ప్రొటెక్షన్, డీకోడర్ లేదు. ధర 19,000. అడ్వాన్సు 7,600. మిగతాది లోడు టెస్టు నా కళ్లతో చూశాక. ఏడాది వరకు బాగుచేసినందుకు కూలి లేదు, విడిభాగాల ఖర్చు నాది. సర్క్యూట్ కాగితం సెట్టుతోపాటే ఇవ్వాలి. ఇద్దరం సంతకాలు పెట్టాం. మాస్టారు చెప్పిన చీటీ మాట లేకపోతే నాకు తట్టేది కాదు.

పార్శిలు వద్దనుకుని ఆదివారం గుణుపురం మీదుగా బస్సులో నేనే వెళ్లాను. ముందు వరండాలోనే వర్క్‌షాపు. బల్ల మీద మూత తీసిన మా సెట్టు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ప్లగ్గులో పెట్టలేదు, 100 వాట్ల పాత బల్బుని సిరీస్‌లో పెట్టారు. స్విచ్ వెయ్యగానే బల్బు భగ్గున వెలిగి, కెపాసిటర్లు నిండాక మెల్లగా మసకబారి ఎర్రటి తీగలా మిగిలింది. "ఇది వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు బాబూ" అన్నారు. తర్వాత బల్బు తీసేసి, స్పీకర్ల బదులు 8 ఓమ్‌ల పెద్ద రెసిస్టర్లు అయిదు, అల్యూమినియం పలక మీద బిగించినవి, తగిలించారు. ఆసిలోస్కోపులో తరంగం గుండ్రంగా పెరుగుతూ పెరుగుతూ ఒకచోట కొన చదునైంది. అక్కడ కొంచెం తగ్గించి మీటరు చూపించారు. ఒక్క ఛానెలే నడిచినప్పుడు 17.5 వోల్టులు. వర్గం చేసి 8తో భాగిస్తే 38 వాట్లు. అయిదూ ఒకేసారి నడిపితే 15.2 వోల్టులు, అంటే ఛానెల్‌కి 29. రెసిస్టర్ల మీద చెయ్యి పెట్టలేకపోయాం. అవుట్‌పుట్‌లో డీసీ ఏ ఛానెల్‌లోనూ 20 మిల్లీవోల్టులు దాటలేదు. ఈ అంకెలన్నీ తేదీతో సహా మూత లోపల కాగితం మీద రాసి అంటించారు.

బ్లేడుతో నేనే గీకాను. ఎర్రగానే మెరిసింది.

ఒక లోపం కూడా దొరికింది. కుడి సరౌండ్‌లో స్పీకరుకి చెవి ఆనిస్తే సన్నటి "మ్" మోత. ఆయన దాచలేదు, "ఇంటికెళ్తే తెలీదులే" అనలేదు. ఆ ఛానెల్ ఇన్‌పుట్ వైరు ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి పోతోంది. దాన్ని పీకి, క్యాబినెట్ అవతలి అంచు వెంట తిప్పి మళ్లీ టంకం వేశారు. మోత పోయింది. గంటన్నర పట్టింది, ఆఖరి బస్సు తప్పిపోయింది. రాత్రి వాళ్లింట్లోనే భోంచేసి తెల్లారి బయల్దేరాను.

బరంపురం_మగ్గం
జూలై 21, రాత్రి 10:40

అయిదూ ఒకేసారి లోడు పెట్టి 29 అని రాసిచ్చారంటే ఆ చేతులకి దణ్ణం పెట్టాలి. కంపెనీ డబ్బాల మీద కూడా ఎక్కువగా రెండు ఛానెళ్లు నడిపిన అంకే ఉంటుంది. అమ్మగారి సంగతి?

రాయగడ_రైలుకట్ట
జూలై 21, రాత్రి 10:58

డీకోడర్ విడిగా కొన్నాను, ఆప్టికల్ వైరుతో. సెంటర్‌ని మిగతావాటికంటే 4 డీబీ పైన పెట్టాను, సరౌండ్లు కొంచెం తగ్గించాను. నిన్న రాత్రి రెండున్నర గంటల సినిమాలో అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. ఆ రెండుసార్లూ నాకూ అర్థం కాలేదు, నటుడు అలా గొణిగాడు.

గుణుపురం_మాస్టారు
జూలై 22, ఉదయం 6:50

సంతోషం నాయనా. టంకం బాబూ, మా అటక మీది పెట్టె తీసుకొస్తే చూస్తారా? బోర్డు చీలిపోయింది గానీ ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉన్నట్టుంది.

పర్లాకిమిడి_టంకం
జూలై 22, ఉదయం 7:35

తీసుకురండి మాస్టారూ. ముందు వైరు గీకి చూద్దాం. రాగిదైతే దాన్నే వాడి కొత్త బోర్డు వేస్తాను, క్యాబినెట్ అడుగున దళసరి రేకు మారుస్తాను. అల్యూమినియం అయితే అదీ మీ ముందే చెప్తాను, అప్పుడు ఖర్చు పెట్టొద్దు.

రాయగడ_రైలుకట్ట
అక్టోబర్ 30, రాత్రి 8:20

ఒక సంగతి చెప్పాలి. దసరా వారంలో ఎడమ ఛానెల్ ఉన్నట్టుండి మూగబోయింది. టంకంగారికి ఫోన్ చేస్తే రిలే "టక్" వినబడుతోందా అని అడిగారు. మిగతావి పడుతున్నాయి, ఆ ఒక్కటి పడటం లేదు. పర్లాకిమిడి మోసుకురావద్దన్నారు. ఇక్కడ మా వీధి టీవీ మెకానిక్‌కి సర్క్యూట్ కాగితం ఇచ్చాను. ఆయన అది చదివి, రిలే కాయిల్ తెగిందని చూసి, 24 వోల్టులది కొత్తది వేశాడు. అరగంట, 180 రూపాయలు. మెకానిక్ ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నాడు. "ఇలా రాసి ఇచ్చిన సెట్టు నా దగ్గరికి ఇంతవరకు రాలేదు" అన్నాడు.

సిరొంచ_ఒడ్డు
అక్టోబర్ 30, రాత్రి 9:02

అన్నా, ఆ ప్రొటెక్షన్ సర్క్యూట్ ఇక్కడ పెట్టగలరా? నా బోర్డులకీ వేద్దామనుకుంటున్నాను.

పర్లాకిమిడి_టంకం
అక్టోబర్ 30, రాత్రి 9:30

పెట్టమని నేనే చెప్తున్నా, దాచుకునేదేం లేదు. కాకపోతే తమ్ముడూ, ఇది యూపీసీ1237 అనే ప్రొటెక్షన్ ఐసీతో చేసింది, గ్రౌండుతో పోల్చి డీసీని పట్టుకుంటుంది. మీ టీపీఏ3116 అవుట్‌పుట్‌ రెండు వైర్ల మీదా మామూలుగానే సగం సప్లై, 12 వోల్టులు ఉంటాయి. ఉన్నదున్నట్టు కలిపితే రిలే ఎప్పటికీ పడదు. మీ బోర్డు ఫొటో పంపండి, రెండు వైర్ల మధ్య తేడా చూసేలా మార్చి గీసిస్తాను.